పైథాన్ టపుల్: మూలకానికి కొత్త విలువ ఇవ్వవచ్చా?

నియమం

పైథాన్‌లో టపుల్ తయారయ్యాక దాని మూలకాలను మార్చలేం. టి = (10, 20, 30) అని రాసి, కింద టి[1] = 25 అన్నామంటే ప్రోగ్రాం టైప్‌ఎర్రర్‌తో ఆగిపోతుంది. పరీక్షలో దీన్ని సింటాక్స్‌ఎర్రర్ అనుకుని మార్కు పోగొట్టుకోవద్దు. వాక్యం రాతలో తప్పేమీ లేదు, ప్రోగ్రాం నడిచేటప్పుడే తప్పు బయటపడుతుంది. డెల్‌తో ఒక మూలకాన్ని తీసేయబోయినా టైప్‌ఎర్రరే. అపెండ్ వాడితే మాత్రం ఆట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే టపుల్‌కు ఆ మెథడే లేదు. మనం పిలిచి వాడుకునే మెథడ్లు కౌంట్, ఇండెక్స్ రెండే.

పేరు వేరు, టపుల్ వేరు

టి = టి + (40,) మాత్రం చక్కగా నడుస్తుంది. మరి మార్చలేమన్న నియమం ఏమైంది? పాత టపుల్ మారలేదు. నాలుగు మూలకాలతో కొత్త టపుల్ తయారై, టి అనే పేరు దానికి దక్కింది. అంతకుముందే ఎస్ = టి అని రాసి ఉంటే, ఎస్‌లో ఇప్పటికీ మూడు మూలకాలే కనిపిస్తాయి. (40,)లో కామా మరిస్తే అది ఉత్త పూర్ణాంకం, టపుల్‌తో కలవదు.

లోపల లిస్ట్ ఉంటే

బాగా చదివినవాళ్లు కూడా తడబడే చోటు ఇదే. ఎం = (1, [2, 3]) అనుకుందాం. టపుల్ దాచుకునేది లిస్ట్‌లోని అంకెలను కాదు, ఆ లిస్ట్ ఎక్కడుందో తెలిపే రిఫరెన్స్‌ను. అందుకే ఎం[1].అపెండ్(4) అంటే ఏ ఎర్రరూ రాదు, లిస్ట్ [2, 3, 4] అవుతుంది.

అదే పనిని ఎం[1] += [4] అని రాస్తే? పైథాన్ ముందు ఆ లిస్ట్‌నే పొడిగిస్తుంది, తర్వాత ఫలితాన్ని ఎం[1]లో పెట్టబోతుంది. మొదటి అడుగు పూర్తవుతుంది, రెండోది టైప్‌ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వచ్చినా లిస్ట్‌లో 4 చేరిపోయే ఉంటుంది. జవాబులో రెండూ రాయాలి.

లోపలి లిస్ట్ మారగలదు కాబట్టి, ఇలాంటి టపుల్‌ను డిక్షనరీకి కీగా వాడలేం.

మార్చక తప్పకపోతే

టపుల్‌ను లిస్ట్‌గా మార్చి, విలువ సరిచేసి, మళ్లీ టపుల్ చేయండి. లేదా టి[:1] + (25,) + టి[2:] అని ముక్కలు కలపండి. రెండింటిలోనూ వచ్చేది కొత్త టపులే.

ఇతర భాషల్లో

ఈ నియమం అన్ని భాషలకూ వర్తించదు. రస్ట్‌లో మ్యూట్ అని ప్రకటించిన టపుల్ మూలకానికి కొత్త విలువ ఇవ్వవచ్చు. సీ షార్ప్ 7.0తో వచ్చిన వాల్యూటపుల్ కూడా అంతే. ప్రశ్నలో భాష పేరు చూశాకే జవాబు మొదలుపెట్టండి.