ఒక్క క్లిక్‌తో అన్నీ ఎక్కించే ఇన్‌స్టాలర్లతో చిక్కేమిటి?

ఆటోమేటిక్ ఇన్‌స్టాలర్ కంప్యూటర్ యజమానిని అడగవలసిన ప్రశ్నలకు తానే జవాబులు ఇచ్చుకుంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ లాంటి చోట్ల కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారికి దీనివల్ల సమయం కలిసొస్తుంది, కానీ ఏ ఫోల్డర్‌లో ఏం చేరిందో, ఏది స్టార్టప్‌లో కూర్చుందో తెలియదు. లిబ్రెఆఫీస్‌నే తీసుకుంటే, కస్టమ్ పద్ధతిలో తెలుగును ఎంచుకోవచ్చు. ఇంగ్లిష్ విండోస్‌లో ‘టిపికల్’తో సరిపెడితే తెలుగు మెనూలు సాధారణంగా రావు.

అంతకంటే పెద్ద ప్రమాదం వెంట వచ్చే అదనపు సరుకు. 2011లో డౌన్‌లోడ్.కామ్ సైట్ నెట్‌వర్క్‌లను పరిశీలించే ఎన్‌మ్యాప్‌ను టూల్‌బార్ అంటగట్టే సొంత ఇన్‌స్టాలర్‌లో పెట్టి అందించగా, దాని రూపకర్త గోర్డన్ లయన్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2015లో సోర్స్‌ఫోర్జ్ సైట్‌లో బొమ్మలు దిద్దే జింప్ విండోస్ వెర్షన్‌కూ ఇదే గతి పట్టింది. రెండూ ఉచితంగా, నమ్మకంగా వాడుకునే ప్రోగ్రాములే. వినియోగదారు నమ్మకాన్ని ఇలా అమ్ముకోవడం అన్యాయం.

హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లను గుత్తగా ఎక్కించే ప్యాక్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డ్రైవర్ విండోస్ లోతుల్లో పనిచేస్తుంది. పొరపాటు వెర్షన్ పడితే శబ్దం పోవచ్చు, వైఫై ఆగవచ్చు, నీలి తెర రావచ్చు. ముందు విండోస్ అప్‌డేట్‌ను, తర్వాత మదర్‌బోర్డ్ తయారీదారు వెబ్‌సైట్‌ను ఆశ్రయించడం మేలు. యాక్టివేషన్ ‘క్రాక్’ కలిపిన ప్యాక్‌లను మాత్రం అసలు తాకకూడదు. అవి తరచూ యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి.

అన్ని ఇన్‌స్టాలర్లూ చెడ్డవి కావు. పలు ప్రోగ్రాములను ఒకేసారి ఎక్కించే నైనైట్ టూల్‌బార్లను తిరస్కరిస్తుంది. మైక్రోసాఫ్ట్ 2021లో తెచ్చిన ప్యాకేజీ మేనేజర్ విన్‌గెట్ 1.0 ఫైల్ హ్యాష్‌ను (ఫైల్ మారలేదని చూపే గుర్తును) సరిచూసి ఎక్కిస్తుంది.