ఒకే గేరుతో పరుగు: జూనియర్ కార్టు బండికి పళ్ళ నిష్పత్తి

సైకిలులో పెడళ్ళ వద్ద పెద్ద పళ్ళచక్రం, వెనుక చక్రం వద్ద చిన్న పళ్ళచక్రం ఉండి, ఆ రెంటినీ గొలుసు కలుపుతుందని మనమందరం ఎరిగినదే. పందెపు కార్టు బండిలో ఈ అమరిక తలక్రిందులుగా ఉంటుంది. ఇంజనుకు చిన్న చక్రం, వెనుక ఇరుసుకు పెద్ద చక్రం. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే యంత్రపు ఇంజనుతో తొలి కార్టును నిర్మించిన తరువాత ఈ క్రీడ ఎంతో పెరిగినది. అయినను బాలబాలికలు పోటీపడే జూనియర్ తరగతుల బండ్లలో సాధారణంగా గేరుపెట్టె ఉండదు. పందెానికి ముందు ఏ నిష్పత్తిని బిగించితిమో, మలుపులోను తిన్నని దారిలోను దానితోనే చివరి వరకు నడపవలసి ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ తీరాన పరుగెత్తిన ఫార్ములా ఈ విద్యుత్ కార్లకు కూడా ఒకే గేరు. కాని విద్యుత్ మోటారు నిలిచిన చోటి నుండే నిండు బలాన్ని ఇవ్వగలదు. కార్టులోని టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజనుకు ఆ గుణం లేదు. అది కొంత భ్రమణ వేగాన్ని అందుకున్న తరువాతనే పుంజుకుంటుంది, ఇంకా పైకి పోగా మరల డస్సిపోతుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ముందు లెక్క చూద్దాం. ఇరుసు చక్రపు పళ్ళను ఇంజను చక్రపు పళ్ళతో భాగించగా వచ్చునదే నిష్పత్తి. ఇంజనుకు 12, ఇరుసుకు 80 పళ్ళు ఉన్నచో నిష్పత్తి 6.67. ఇంజను నిమిషానికి 12,000 సార్లు తిరుగుతున్నదనుకుంటే ఇరుసు 1,800 సార్లు, అనగా సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 87 సెంటీమీటర్లు అయినచో బండి సెకనుకు 26.1 మీటర్లు, గంటకు సుమారు 94 కిలోమీటర్లు పోతుంది. ఇరుసుకు 82 పళ్ళ చక్రం బిగిస్తే అవే భ్రమణాలకు వేగం 91.7 కిలోమీటర్లకు తగ్గుతుంది. దానికి బదులుగా టైరు నేలను నెట్టే బలం నూటికి రెండున్నర వంతులు పెరుగుతుంది. ఇంజను చక్రంలో ఒక్క పన్ను తగ్గించుట ఇరుసుకు ఏడు పళ్ళు పెంచుటతో ఇంచుమించు సమానం. కావున ముందు చక్రాన్ని మార్చుట గొడ్డలిపని, వెనుక చక్రాన్ని మార్చుట ఉలిపని అనవచ్చును.

పిల్లలకు, వారికంటె ఎక్కువగా వారి తండ్రులకు, గరిష్ఠ వేగంపై మక్కువ ఉంటుంది. 94 వచ్చే బండిని 91.7కు దించుట వారికి రుచించదు. ఇంటర్మీడియట్‌లో చదివిన చలన సూత్రాలతోనే ఈ మక్కువను పరీక్షించవచ్చును. ఒక బండి మలుపు నుండి సెకనుకు 11 మీటర్ల వేగంతో బయటపడి, 3 మీటర్ల త్వరణంతో సాగుతున్నదనుకుందాం. తొలి 60 మీటర్లు దాటుటకు దానికి 3.644 సెకన్లు పడుతుంది. 82 పళ్ళతో త్వరణం 3.075 అయినచో 3.621 సెకన్లు చాలును. మూడు మందకొడి మలుపులున్న దారిలో సెకనులో ఆరేడు వందో వంతులు కలిసివస్తాయి. తిన్నని దారి చివర 30 మీటర్ల మేర బండి 94కు బదులు 91.7తోనే పోయిందనుకున్నా నష్టం మూడు వందో వంతుల లోపే. అయితే ఆ 30 మీటర్లు 150 మీటర్లయితే నష్టం 0.14 సెకన్లకు చేరి లెక్క తారుమారవుతుంది. కనుక ఇది మంచి గేరు, అది చెడ్డ గేరు అని బండిని మాత్రమే చూచి చెప్పుట అసాధ్యం. చెప్పవలసినది దారి.

దారి చెప్పే మాట బండిపై ఉన్న భ్రమణ మాపకంలో రెండంకెలుగా వినబడుతుంది. ఒకటి తిన్నని దారి చివరి గరిష్ఠం, రెండవది అతి నెమ్మది మలుపులోని కనిష్ఠం. అందరూ మొదటిదానినే చూస్తారు. మా అభిప్రాయంలో రెండవదే విలువైనది. కనిష్ఠం ఇంజను పుంజుకునే స్థాయికి దిగువన ఉన్నచో బండి మలుపు తరువాత దగ్గుతూ, తడబడుతూ లేస్తుంది. ఒకటి రెండు పళ్ళు పెంచవలెను. గరిష్ఠం చాలా ముందుగానే పరిమితిని తాకుచున్నచో తగ్గించవలెను. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఆ ఒక్క చుట్టును గాక పలు చుట్ల కాలాలను పోల్చవలెను. టైర్ల గాలిని, గేరును ఒకేసారి మార్చినవాడు దేని ఫలితమేదో తెలుసుకొనలేడు.

ఉదయం సరిపడిన చక్రం సాయంత్రానికి సరిపడకపోవచ్చును. దారిపై రబ్బరు పేరుకున్నకొద్దీ పట్టు పెరిగి మలుపులలో వేగం హెచ్చుతుంది; అప్పుడొక పన్ను తగ్గించుట కద్దు. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గి, తెలియకుండానే పళ్ళు పెంచినట్లవుతుంది. తిన్నని దారిలో ఎదురుగాలి వీస్తే పెంచవలెను. ఒంటరిగా సాధన చేయునపుడు సరిపోయిన గేరు పందెంలో, ముందు బండి గాలిని చీల్చిపెట్టిన చోట, చాలకపోవుట తరచు చూడవచ్చును. వాన సంగతి వేరు: వేగాలు తగ్గుటచే పళ్ళు పెంచబుద్ధి అవుతుంది, చక్రాలు జారుటచే తగ్గించబుద్ధి అవుతుంది. అక్కడ పరీక్షించి చూచుట తప్ప సూత్రం లేదు.

ఇంతవరకు చెప్పినది కాలాన్ని గురించి. పిల్లవాని క్షేమాన్ని గురించిన మాట ఒకటున్నది. టూ స్ట్రోక్ ఇంజనుకు కందెన నూనె పెట్రోలులో కలిసియే లోనికి పోతుంది. పళ్ళు మితిమీరి పెంచిన బండిలో ఇంజను తిన్నని దారి చివర విపరీతంగా తిరుగుచుండగా బాలుడు యాక్సిలరేటరును ఒక్కసారిగా వదిలితే పెట్రోలుతో పాటు నూనె కూడా ఆగిపోతుంది, కాని తిరుగుడు ఆగదు. పిస్టన్ సిలిండరులో పట్టేయవచ్చును. గొలుసు ద్వారా వెనుక ఇరుసు బిగుసుకొని, అధిక వేగంలో బండి గిర్రున తిరుగుతుంది. ఓకే జూనియర్ వంటి తరగతులలో 14,000 భ్రమణాల వద్ద పరిమితి విధించుటకు ఇంజను ఆయుష్షు, ఖర్చు కూడా కారణాలే గాని, మేము ముందుగా తలచేది ఈ ప్రమాదాన్నే. పళ్ళచక్రం మార్చిన ప్రతిసారీ గొలుసు బిగువును, రెండు చక్రాలు ఒకే వరుసలో ఉన్నవో లేవో, గొలుసు తొడుగు బిగించిరో లేదో పెద్దవారు స్వయంగా చూడవలెను.

చివరగా, శిక్షకుల మధ్య భేదాభిప్రాయం గల విషయం. మలుపులో అవసరానికి మించి బ్రేకు వేసే బాలునికి రెండు పళ్ళు పెంచితే చుట్టు కాలం వెంటనే మెరుగవుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని అతని భయం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. గేరు దానిని కప్పిపెట్టినదంతే. కొత్తగా నేర్చుకునేవారి బండికి కొన్ని నెలల పాటు గేరు మార్చరాదని మేము భావిస్తున్నాము. ఆ తరువాత 82కు బదులు 80 పళ్ళు బిగించి చూడవచ్చును. అదే వేగంతో మలుపు తిరిగితే కనిష్ఠ భ్రమణాలు నూటికి రెండున్నర వంతులు పడిపోవలెను. అవి పడిపోకుండా పూర్వపు అంకె వద్దనే నిలిచినచో, ఆ మేరకు బాలుడు మలుపులో వేగాన్ని నిలుపుకొనుట నేర్చినాడన్నమాట.