జొన్నరొట్టె రహస్యము

సాయంకాలము కాగానే హైదరాబాదు నగరమున హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వంటి పేటలలో వీథుల ప్రక్కన కొందఱు స్త్రీలు పొయ్యిలు వెలిగించి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముచుందురు. మధుమేహము గలవారును, బరువు తగ్గగోరువారును వానిని ప్రీతితో కొనిపోవుదురు. ఒకనాటి బీదవాని రొట్టె నేడు కలవారి పళ్లెములోనికి వచ్చినది. కాని ఈ జొన్ననే నమ్ముకొని బ్రదికిన దక్కను పల్లెలలోని నిరుపేదలకు పూర్వమొక వింతవ్యాధి వచ్చుచుండెను. దాని మూలమును వెదకిన కథ మిక్కిలి ఆశ్చర్యకరమైనది.

ఆ వ్యాధి పేరు పెల్లగ్రా. ఎండ తగులు చోట్ల, అనగా చేతులమీదను, పాదములమీదను, మెడచుట్టును చర్మము కమలి, నల్లబడి, పొలుసులుగా ఊడును. నోరు పూయును. విరేచనములు పట్టుకొనును. బాధ అంతటితో ముగియదు. రోగికి నిద్ర పట్టదు, దిగులు ఆవరించును, మఱపు కలుగును. వ్యాధి ముదిరినచో తనవారినే పోల్చుకొనలేని స్థితి వచ్చును. అట్టివానిని చూచినవారు గాలి సోకినదనియో, మతి చెడినదనియో తలచుట వింత కాదు. వాని పళ్లెములో ఏమున్నదని అడుగవలెనని ఎవరికి తోచును?

1735వ సంవత్సరమున స్పెయిను దేశపు వైద్యుడు గాస్పర్ కాసాల్ ఈ వ్యాధిని వర్ణించెను. మొక్కజొన్నయే ముఖ్యాహారముగా గల బీదలలో ఇది ఎక్కువగా కానవచ్చుచుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇది విజృంభించి, పలువురను పిచ్చాసుపత్రుల పాలు చేసెను. ఇది అంటువ్యాధి యని పెక్కుమంది వైద్యులు నమ్ముచుండిరి. 1914లో అమెరికా ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుని దీని విచారణకు నియోగించెను.

గోల్డ్‌బెర్గర్ సునిశితమైన చూపు గలవాడు. ఆసుపత్రులలోను, అనాథశరణాలయములలోను వ్యాధి అచటి నివాసులకు వచ్చుచున్నది గాని, వారిని రాత్రింబగళ్లు కనిపెట్టియుండు పరిచారకులకు వచ్చుటలేదని ఆయన గమనించెను. అంటువ్యాధికి యజమానియని, సేవకుడని భేదముండునా? భేదము భోజనములో ఉండవలెనని ఆయన నిశ్చయించెను. శరణాలయములలోని పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము పెట్టించగా వ్యాధి తొలగిపోయెను. అయినను శంకించువారు శంకించుచునే యుండిరి. 1916లో ఆయన రోగుల రక్తమును తన శరీరములోనికి ఎక్కించుకొనెను. ఆయన భార్యయు అట్లే చేసికొనెను. ఇరువురికిని ఏమియు కాలేదు. ఆహారములో కొఱతపడిన ఆ పదార్థమేదో తెలియకముందే, 1929లో గోల్డ్‌బెర్గర్ మరణించెను. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు అది నికొటినిక్ ఆమ్లమను విటమిను అని తేల్చెను. ఆ మందు కడుపులో పడగానే, మతి చలించినదని తలచిన రోగులు కొద్దిదినములలోనే తెలివి తెచ్చుకొనిరి!

మన శరీరము ఈ విటమినును కొంతవఱకు తానే తయారుచేసికొనగలదు. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అను అంశము అందులకు ముడిసరకు. మొక్కజొన్నలో ఆ ముడిసరకు తక్కువ. కావున వ్యాధి వచ్చుట అర్థమైనది. ఇక చిక్కంతయు మన జొన్నతోనే వచ్చెను. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మఱి జొన్న తినువారికి పెల్లగ్రా ఏల రావలెను?

కూనూరులో నున్న పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. హైదర్‌గూడనుండి ఈశాన్యముగా కొన్ని కిలోమీటర్లు పోయినచో తార్నాకవద్ద అది నేటికిని కానవచ్చును. 1969నుండి అది జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్నది. అచటి శాస్త్రజ్ఞులు డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ చిక్కును విప్పబూనిరి. అందఱును జొన్నలో ఏమి లేదని వెదకుచుండగా, వారు అందులో ఏమి ఎక్కువైనదని ప్రశ్నించిరి. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అను అంశము మిక్కుటముగా ఉన్నది. అది అధికమైనచో, ట్రిప్టోఫాన్ విటమినుగా మాఱుటకు అడ్డుపడునని వారు 1960లో ప్రకటించిరి. జొన్నయే ప్రధానముగా మేపిన కుక్కలకు పెల్లగ్రాను పోలిన నల్లనాలుక వ్యాధి వచ్చినదని 1965లో ఆ పరిశోధనశాలవారే తెలియజేసిరి.

ఈ సిద్ధాంతమును ఇతర దేశములవారందఱును అంగీకరింపలేదు. కొందఱు పరీక్షించి చూడగా అట్టి ఫలితములే రాలేదు. ఇతర విటమినుల కొఱతయు దీనికి తోడై యుండవచ్చునని చర్చ సాగినది. శాస్త్రమునకిది లోపము కాదు. ఒకరు చెప్పినదానిని మఱియొకరు పరీక్షించుటయే శాస్త్రధర్మము. కాని రోగి విషయమున మాత్రము సందేహము లేదు. విటమినును, తగిన ఆహారమును ఇచ్చినచో అతడు కోలుకొనును.

కాలము మాఱినది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చు పథకము వచ్చినది. బీదల పళ్లెములో జొన్న ఏకైక ధాన్యము కాకపోయెను. పెల్లగ్రా క్రమముగా అరుదైపోయినది. మితిమీరి మద్యము త్రాగి అన్నము మానుకొనువారిలో మాత్రము అది ఇప్పటికిని అప్పుడప్పుడు తలయెత్తుచుండును.

అయినచో జొన్న చెడ్డదా? కాదు. పప్పు, ఆకుకూర, వేరుసెనగ, పాలు తోడున్న జొన్నరొట్టె మేలైన భోజనమే. దోషము జొన్నది కాదు, దానికి తోడు లేకపోవుటది. ఆ తోడును కొనుక్కొనలేని పేదఱికమే అసలు వ్యాధి.

మఱియొక పాఠమును ఇందు కలదు. మనస్సు శరీరమునకు వేఱుగా ఆకాశమున వ్రేలాడునది కాదు. ఒకడు వింతగా ప్రవర్తించినప్పుడు నవ్వుటయో, వెలివేయుటయో సులభము. “ఇతడు ఏమి తినుచున్నాడు? కడుపునిండ తిని ఎన్నినాళ్లయినది?” అని అడుగుట కష్టము. ఆ కష్టమైన ప్రశ్న నడిగినవారివలననే ఎందఱో మరల తమ ఇల్లును, తమవారిని గుర్తుపట్టగలిగిరి.

ప్రశ్నలు
1. పెల్లగ్రా అంటువ్యాధి కాదని గోల్డ్‌బెర్గర్ ఎట్లు గ్రహించెను?
2. హైదరాబాదు శాస్త్రజ్ఞుల ప్రశ్నలోని క్రొత్తదనమేమి?
3. “దోషము జొన్నది కాదు” అను మాటను వివరింపుము.