మాయా శశిరేఖకు మనసుందా? ప్రతిరూపాల హక్కులపై తరచూ అడిగే ప్రశ్నలు

శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అదే రాజీవ్ రహదారి మీద ఇంకాస్త ముందుకెళితే తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ. ఒకచోట మనిషి కానివాటి హక్కుల గురించి వాదించడం నేర్పుతారు. ఇంకోచోట ఎలుక మీద ప్రయోగం చేయాలన్నా ముందు నైతిక సంఘం అనుమతి తెచ్చుకోవాలి. మేడ్చల్ వైపు పాఠకులకు ఇలాంటి సందేహాలు రావడంలో వింతేమీ లేదు.

మాయా శశిరేఖ అసలు శశిరేఖ కాదు కదా. మరి ఆమెను వేరే వ్యక్తిగా లెక్కించాలా?

అక్కర్లేదు. కె.వి. రెడ్డి 1957లో తీసిన ‘మాయాబజార్’లో మాయా శశిరేఖ అంటే ఘటోత్కచుడే. సాక్ష్యం కావాలంటే పెళ్లి పాట ఇంకోసారి వినండి. సుశీల గొంతు హాయిగా సాగుతుండగా ఉన్నట్టుండి ఘంటసాల గొంతు దూరుతుంది. ఆ క్షణంలో సావిత్రి నడక మారుతుంది, చూపు మారుతుంది, లేని మీసం ఉన్నట్టే అనిపిస్తుంది. అక్కడ మనసు ఒక్కటే, అది హిడింబి కొడుకుది. హక్కులైనా నేరాలైనా అతని ఖాతాలోకే వెళతాయి. మోసపోయిన పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడు కేసు పెట్టదలిస్తే ప్రతివాది పేరు ఘటోత్కచుడు అనే రాసుకోవాలి.

ఇంద్రజిత్తు రథం మీద తెచ్చిన మాయా సీత సంగతి?

ఇది చిక్కు ప్రశ్న. వాల్మీకి యుద్ధకాండలో ఇంద్రజిత్తు మాయా సీతను హనుమంతుడి కళ్లెదుటే నరుకుతాడు. ఆమె రాముడి పేరు పిలుస్తూ ఏడుస్తుంది కూడా. హనుమంతుడు నమ్మాడు, వార్త విని రాముడు కూలిపోయాడు. అది మాయ అని చెప్పడానికి విభీషణుడు రావలసి వచ్చింది.

ఏడ్చింది కాబట్టి బాధ ఉన్నట్టేనా? నా లెక్కలో కాదు. ఆ ఏడుపు ఇంద్రజిత్తుకు కావలసిన ఏడుపు. చేసినవాడు కోరినదాన్ని మించి ఆమె ఒక్క మాటైనా అనలేదు. అయితే ఈ తీర్పు కథ మొత్తం తెలిసిన మనకు తేలిక. ఆ యుద్ధభూమిలో నిలబడ్డవాడికి అది తెలియదు. తెలియనప్పుడు కత్తి ఆపమని అరవడమే సరైన పని. హనుమంతుడు చేసిందీ అదే.

అయితే ఏ ప్రతిరూపానికి మనసున్నట్టు?

ఛాయాదేవికి. భర్త సూర్యుడి వేడి తట్టుకోలేక సంజ్ఞ తన నీడకు ప్రాణం పోసి, పిల్లల్ని చూసుకో, ఈ రహస్యం మా ఆయనకు చెప్పకు అని అప్పగించి వెళ్లిపోయింది. పురాణంలో ఛాయ ఇచ్చిన జవాబు చూడండి. జుట్టు పట్టుకునేదాకా, శాపం పెట్టబోయేదాకా నోరు విప్పను, ఆ తర్వాత నా బాధ్యత లేదు అంది. మారు మాట్లాడని బొమ్మ కాదు, షరతు పెట్టిన మనిషి. ఆ తర్వాత తనకంటూ బిడ్డలు పుట్టారు, శని అందులో ఒకడు. సొంత పిల్లల మీద ప్రేమ ఎక్కువైంది, సవతి పిల్లల మీద తగ్గింది. కోపంతో కాలెత్తిన సంజ్ఞ కొడుకు యముణ్ణి శపించింది. కన్నతల్లి కొడుకును ఇలా శపిస్తుందా అని సూర్యుడికి అక్కడే అనుమానం వచ్చింది. నిలదీస్తే, ముందు పెట్టుకున్న షరతు ప్రకారమే నిజం చెప్పింది.

ఇందులో సంజ్ఞ కోరింది పిల్లల పెంపకం, మౌనం, అంతే. పక్షపాతం, కోపం, ఆత్మరక్షణ అన్నీ ఛాయ సొంతం. అసలు మనిషిని ఎంత బాగా పోలి ఉందన్నది మనకు అనవసరం. అసలు మనిషికి ఇష్టం లేనిదేదైనా తనకోసం కోరుకుందా అన్నదే చూడాలి. శనివారం నూనె పోసేవాళ్లు శనిని ఛాయాపుత్రుడనే పిలుస్తారు. తల్లిగా ఆమె హోదాను జనం ఎప్పుడో ఒప్పుకున్నారన్నమాట.

ప్రతిరూపం హక్కు సాధించిన ఉదాహరణ ఉందా?

ఉంది. వేంకటాచల మాహాత్మ్యంలో రావణుడు ఎత్తుకెళ్లింది సీతను కాదు, ఆమె స్థానంలో నిలిచిన వేదవతిని. యుద్ధం ముగిశాక ఆమెను కూడా స్వీకరించమని సీతే రాముణ్ణి అడుగుతుంది. ఏకపత్నీవ్రతం కుదరదంటుంది. కలియుగానికి వాయిదా పడి, ఆమె ఆకాశరాజు కూతురు పద్మావతిగా పుట్టాక ఆ మాట చెల్లింది. మన కోర్టుల వాయిదాలు ఇంకా నయం.

చట్టం ఏమంటుంది?

జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం జంతువంటే మనిషి కాని ప్రాణి ఏదైనా. ప్రాణి కావాలి, అదే మొదటి మెట్టు. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు జంతువుల గౌరవం గురించి గొప్పగా మాట్లాడింది, కానీ అక్కడున్నది రక్తమాంసాల ఎద్దు. కథలోని పాత్ర, దాని మాయా రూపం ఈ మెట్టే ఎక్కలేవు. మరోపక్క గుడిలో దేవుడి విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తే. ఆస్తి ఉంచుకోగలదు, దావా వేయగలదు. దానికి నొప్పి తెలుస్తుందా అని ఏ జడ్జీ అడగడు. చట్టంలో వ్యక్తి కావడానికి మనసు ఉండి తీరాలని లేదు.

ఏఐతో సావిత్రి మాయా శశిరేఖను మళ్లీ తయారుచేస్తే?

సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు, కాబట్టి 1957 చిత్రానికి 2017తో ముగిసింది. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు, పాటల లెక్క వేరు. ఆయన 1971లో పోయారు, అక్కడినుంచి 60 ఏళ్లంటే 2031 చివరిదాకా. ఇక బతికున్న నటుల రూపం జోలికి పోకండి. తన పేరు, బొమ్మ, గొంతు అనుమతి లేకుండా వాడకుండా చిరంజీవి 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. గమనించారా, కాపాడుతున్నది అసలు మనిషిని. నకలుకు అక్కడ కుర్చీ కూడా వేయలేదు.

ఆ ఏఐ బొమ్మ ‘నన్ను ఆపేయొద్దు’ అంటే?

మాయా సీత కూడా ఏడ్చింది. నేర్పినవాడు కోరని షరతు ఏదైనా పెట్టిందేమో చూడండి. పెడితే నల్సార్ వాళ్లకు మంచి మూట్ కోర్టు అంశం దొరికినట్టే.

మా మేడ్చల్ బడి వార్షికోత్సవంలో పిల్లలతో మాయా శశిరేఖ ఘట్టం వేయించవచ్చా?

నిశ్చింతగా. విద్యాసంస్థ కార్యక్రమంలో సిబ్బంది, విద్యార్థులు వేసే నాటకానికి, చూసేవాళ్లు బడివాళ్లు, తల్లిదండ్రులే అయితే, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. అదే నాటకాన్ని ఫంక్షన్ హాల్లో టికెట్ పెట్టి వేయాలంటే మాత్రం, పింగళివారి మాటలకు హక్కులెవరివో ముందు కనుక్కోండి.