కటింగ్ ప్లేరు పక్కన పెట్టు

రాజమండ్రి

వాసూ,

నీ ఉత్తరం అందింది. తాతయ్య పెన్ను బీరువా అడుగున దొరికిందంటే మీ అత్తయ్య కూడా సంబరపడింది. అంతా బాగానే ఉంది గానీ, గొట్టం ఊడి రావడం లేదు, కటింగ్ ప్లేరుతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పనా అని అడిగావు చూడు, అక్కడ నా గుండె గుభేలుమంది. ముందు ఆ ప్లేరు తీసి పక్కన పెట్టు.

అది అచ్చులో పోసిన పెన్ను కాదురా. కడ్డీని లేత్ మీద ఎక్కించి, పైన నునుపు తేల్చి, లోపల తొలిచి, ఒక మనిషి చేత్తో మరలు కోసి చేసింది. మూత మరలు ఆ గొట్టానికి సరిపడేట్టు చూసుకుని కోస్తారు. అదే పనివాడు అదే పూట చేసిన ఇంకో పెన్ను మూత దీనికి పడుతుందన్న భరోసా లేదు. ఏదైనా ముక్క చిట్లితే కొట్టుకెళ్లి మరొకటి తెచ్చుకునే వీలుండదు. కాబట్టి ఏది దేంట్లో ఎలా కూర్చుందో తెలిశాకే చెయ్యి వెయ్యాలి.

మన ఊళ్లో ఈ పని పాతదే. కె.వి. రత్నంగారు ఇక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టింది 1932లో. వాళ్ల పెన్ను అందుకున్న గాంధీగారు వాడి చూసి, బాగుందని 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ తరవాత గైడర్ పెన్నులకీ రాజమండ్రే ఊరు. తాతయ్య పెన్ను మీద పేరేమీ చెక్కిలేదన్నావు కాబట్టి అది ఎవరి చేతి పనో నేను చెప్పలేను. ఆయన ఇక్కడే కొన్నారు, అంతవరకే తెలుసు.

మొదట అది దేంతో చేసిందో తేల్చుకో. గొట్టాన్ని బొటనవేలితో వెచ్చబడేదాకా రుద్ది వాసన చూడు. గంధకం వాసన వస్తే ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరిస్తే వచ్చేది అదే. కర్పూరం వాసన వస్తే మాత్రం సెల్యులాయిడ్. దానికి నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. వేడి దగ్గరికే తీసుకెళ్లకుండా నాకు ఫోన్ చెయ్యి. మిగతాదంతా ఎబొనైటే అనుకుని రాస్తున్నాను.

గొట్టం రాకపోవడానికి కారణం నీ బలం చాలకపోవడం కాదు. లోపల ఇంకు ఎండిపోయి మరల మధ్య బంకలా పట్టేసింది. ఓ చిన్న గ్లాసులో మామూలు చన్నీళ్లు పోసి, పాళీ, దాని పైన వేళ్లతో పట్టుకునే ముక్క, మరల అతుకు వరకే మునిగేట్టు నిలబెట్టి రాత్రంతా ఉంచు. నీళ్లు నీలంగా మారితే పారబోసి మళ్లీ పొయ్యి. పెన్నంతా ముంచకు. వేడినీళ్లు అసలు వద్దు. నల్ల ఎబొనైట్ వేడినీళ్లలో మెరుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. మళ్లీ నలుపు రావాలంటే పైపొర అరగదీసి పాలిష్ పెట్టాలి, దాంతో చెక్కిన గీతలేమైనా ఉంటే అవీ పోతాయి.

పొద్దున్నే తుడిచి, పాత సైకిల్ ట్యూబు రెండు ముక్కలు కోసుకో. ఒకటి గొట్టానికి, ఒకటి ముందు ముక్కకి చుట్టి, అతుకుకి రెండు పక్కలా దగ్గరగా పట్టుకుని, గొట్టాన్ని ఎడమవైపుకి తిప్పు. పిసికినట్టు పట్టుకోకు. గొట్టం లోపల బోలు కదా, ఎంత నొక్కితే అంత అణగి మరలని ఇంకా బిగించేస్తుంది. ప్లేరు చేసేదీ ఆ పనే, కాకపోతే పగలగొట్టి మరీ చేస్తుంది. ఇంకా కదలకపోతే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో అతుకు చుట్టూ ఆపకుండా తిప్పుతూ కాస్త వెచ్చచెయ్యి. చేత్తో హాయిగా పట్టుకోగలిగినంత వెచ్చదనం చాలు, ఎక్కువైతే ఎబొనైట్ మెత్తబడి వంగుతుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ నీళ్లలో పెట్టు. పరీక్షలకి చదవడానికి లేని ఓపిక దీనికైనా తెచ్చుకో!

గొట్టం వచ్చాక పాళీ జోలికి వెళ్లేముందు, పాళీ నాలుక మీద ఎంతవరకు వచ్చిందో పైనుంచీ పక్కనుంచీ ఫోన్లో ఫొటో తీసిపెట్టు. నాలుకంటే పాళీ కింద ఆనుకుని ఉండే నల్లటి పుల్ల. ఈ రెంటికీ మరలుండవు, బిగువుగా దిగేసి ఉంటాయి. ట్యూబు ముక్కతో పాళీని భుజాల దగ్గర, నాలుకని కిందనుంచి కలిపి పట్టుకుని తిన్నగా ముందుకి లాగు. మెలిపెట్టకు. చీలిక ఉన్న కొసని ముట్టుకోకు. రాలేదంటే, ఒక చెక్కకి కన్నం పెట్టి, పాళీ అందులోకి దిగేలా ముందు ముక్కని బోర్లించి, వెనకనుంచి నాలుక తోక మీద సన్నటి వెదురుపుల్ల ఆనించి మెల్లగా తట్టు. ఇనప చువ్వ అయితే తోక విరుగుతుంది.

నాలుక మీద సన్న కాలువ కనిపిస్తుంది. ఇంకు కిందికి దిగేది, గాలి పైకెక్కేది దాని గుండానే. మెత్తటి బ్రష్షుతో నీళ్లలో కడుగు, బ్లేడుతో గీకావంటే కాలువ వెడల్పై, రాసేటప్పుడు బొట్లు పడతాయి. ఆరాక ఫొటో చూసుకుంటూ అంతే లోతుకి దిగెయ్యి. రాతలో తేడా కనిపించినా పాళీని నువ్వు వంచకు, అది పెన్నులు బాగుచేసేవాళ్ల పని.

గొట్టం బిగించేముందు మరలకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. వాజిలీన్ వద్దు, పెట్రోలియం సరుకు రబ్బరుకి పడదు. ఇంకు పిల్లరుతో గొట్టంలో మామూలు నీలం ఇంకు నిండుగా పొయ్యి. డ్రాయింగ్ ఇంకు పోశావంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకు పావు వంతుకి దిగిందంటే మళ్లీ నింపేసెయ్యి. గొట్టంలో గాలి ఎక్కువైతే, చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది. పెన్ను కక్కుతోందని జనం తిట్టుకునేది చాలాసార్లు ఇందుకే.

మూత పైన బొడిపె విప్పితే క్లిప్పు కూడా వస్తుంది గానీ దాని జోలికి మాత్రం వెళ్లకు. అక్కడ మరలు సన్నం, ఒకసారి అరిగితే క్లిప్పు ఊగిసలాడుతుంది. ఎలాగూ దసరా సెలవులకి వస్తావు కదా, పెన్ను పట్టుకురా. అది మనిద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెదమామయ్య