అవగాహన: రెవిట్‌లో డోర్ ట్యాగ్, డోర్ షెడ్యూల్

డిప్లొమా సివిల్, ఆర్కిటెక్చర్, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివేవాళ్లలో చాలామంది ల్యాబ్ పరీక్షలో ప్లాను బాగానే గీస్తారు. తలుపులకు గుర్తులు (ట్యాగులు) వేసి షెడ్యూల్ (తలుపుల పట్టిక) తీయమన్నప్పుడే తడబడతారు. ట్యాగ్‌ను టెక్స్ట్ అనుకోవడమే దీనికి అసలు కారణం. తలుపులో ముందే నిల్వ ఉన్న సమాచారాన్ని ట్యాగ్ చదివి చూపిస్తుంది, అంతే. కింది అంశాలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

## నేపథ్యం

1997లో అమెరికాలో చార్లెస్ రివర్ సాఫ్ట్‌వేర్ పేరుతో మొదలైన సంస్థ 2000లో రెవిట్‌ను విడుదల చేసింది. 2002లో దాన్ని ఆటోడెస్క్ కొనేసింది. అదే కంపెనీ ఆటోక్యాడ్‌తో పోల్చమని వైవాలో అడిగితే తలుపునే ఉదాహరణగా తీసుకోండి. ఆటోక్యాడ్‌లో తలుపు కొన్ని గీతలు, ఒక చాపం. దాన్ని బ్లాక్‌గా మార్చి అట్రిబ్యూట్ జతచేస్తేనే దానికి పేరు, కొలత అంటుకుంటాయి. రెవిట్‌లో తలుపు మొదటి నుంచీ తలుపే. గోడ లేనిచోట దాన్ని పెట్టలేం, గోడను తొలగిస్తే దాంతోపాటే పోతుంది. వెడల్పు, ఎత్తు, ఏ లెవెల్‌లో ఉంది అన్న వివరాలన్నీ దానిలోనే ఉంటాయి.

## మార్క్, టైప్ మార్క్

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. రెవిట్‌లో ప్రతి తలుపుకు రెండు గుర్తింపులుంటాయి. ఒకే రకం తలుపులన్నిటికీ కలిపి ఉండేది టైప్ మార్క్. ఒక్కో తలుపుకు విడిగా ఉండేది మార్క్. బస్సు రూట్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు గుర్తు తెచ్చుకోండి. ఒకే రూట్‌లో ఎన్నో బస్సులు తిరుగుతాయి, రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం దేనిది దానికే.

ఒక లెక్క చూద్దాం. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, అంతస్తుకు 4 ఫ్లాట్లు. ప్రతి ఫ్లాట్‌కు 1000 × 2100 మి.మీ. సింహద్వారం ఒకటి, 900 × 2100 పడకగది తలుపులు రెండు, 750 × 2100 స్నానాలగది తలుపులు రెండు. మన ఆఫీసుల్లో వీటిని డి, డి1, డి2 అని రాస్తారు. మొత్తం తలుపులు 100. టైప్ మార్కులు మూడే, మార్కులు మాత్రం 100. వడ్రంగికి ఆర్డరు ఇవ్వడానికి డి 20, డి1 40, డి2 40 అని తెలిస్తే చాలు, కాబట్టి అపార్ట్‌మెంట్ ప్లానులో టైప్ మార్క్ చూపించే ట్యాగే సరైనది. ఆసుపత్రి, హోటల్ లాంటి చోట ఒక్కో తలుపుకు తాళం, హార్డ్‌వేర్ వేరుగా ఉండొచ్చు. అక్కడ మార్క్ కావాలి. అమెరికాలో ఎక్కువగా గది సంఖ్యనే తలుపు సంఖ్యగా వాడతారు. 101 గదికి తలుపు ఒకటే అయితే 101, రెండుంటే 101ఎ, 101బి. ఈ సంఖ్యలు వాటంతటవే రావు. మనం తలుపులు పెట్టిన వరుసలో రెవిట్ మార్క్ వేసుకుంటూ పోతుంది, మధ్యలో ఒక తలుపు తీసేసినా మిగతావాటి సంఖ్యలు సర్దదు. గది సంఖ్యల ప్రకారం కావాలంటే మనమే మార్చుకోవాలి.

అమెరికన్ టెంప్లేట్‌తో వచ్చే డోర్ ట్యాగ్ మార్క్‌ను, విండో ట్యాగ్ టైప్ మార్క్‌ను చూపిస్తాయి. ప్లానులో తలుపుల మీద 1, 2, 3 అని, ఒకే రకం కిటికీలన్నిటి మీద ఒకే సంఖ్య కనిపించి విద్యార్థులు కంగారుపడేది ఇందుకే.

ట్యాగ్ మీద క్లిక్ చేసి విలువ మార్చినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. స్నానాలగది తలుపు ఒక్కదాని ట్యాగ్‌లో డి2 తీసి డి3 అని కొడితే, టైప్ పారామీటర్ (ఆ రకం తలుపులన్నిటికీ ఉమ్మడి విలువ) మారుతోందని, చాలా వస్తువుల మీద ప్రభావం పడవచ్చని రెవిట్ హెచ్చరిస్తుంది. చదవకుండా సరే అంటే 40 తలుపులూ డి3 అయిపోతాయి. ఒక్క తలుపే వేరుగా కావాలంటే టైప్‌ను డూప్లికేట్ చేసి కొత్త పేరు పెట్టాలి. ఫైర్ రేటింగ్ కూడా టైప్ పారామీటరే, దానికీ ఇదే దారి. రెండు తలుపులకు ఒకే మార్క్ ఇస్తే మాత్రం హెచ్చరిక వస్తుందిగానీ పని ఆగదు.

## ట్యాగ్ పెట్టే విధానం

యానోటేట్ ట్యాబ్‌లో ట్యాగ్ బై క్యాటగిరీ, కీబోర్డులో టీజీ. ఒక్కొక్క తలుపునూ తాకుతూ పోవాలి. అన్నిటికీ ఒకేసారి కావాలంటే ట్యాగ్ ఆల్. అది తెరిచి ఉన్న వ్యూలో ట్యాగ్ లేని తలుపులకే వేస్తుంది. త్రీడీ వ్యూలో వేయాలంటే ముందు ఆ వ్యూను లాక్ చేయాలి.

## వ్యూకు, మోడల్‌కు తేడా

ట్యాగ్ ఏ వ్యూలో పెడితే ఆ వ్యూదే. ఫ్లోర్ ప్లానులో వేసిన ట్యాగ్ ఎలివేషన్‌లో కనిపించదు. వ్యూను మామూలుగా డూప్లికేట్ చేస్తే ట్యాగులు రావు, విత్ డీటైలింగ్ ఎంచుకుంటే వస్తాయి. ట్యాగ్‌ను చెరిపినా తలుపు, దాని మార్క్, షెడ్యూల్‌లో దాని లెక్క చెక్కుచెదరవు. తలుపును చెరిపితే ట్యాగ్ కూడా పోతుంది. షెడ్యూల్‌లో విలువ మార్చితే ట్యాగ్‌లోనూ మారుతుంది, ఎందుకంటే రెండూ చదివేది ఒకే చోటు నుంచి.

ట్యాగ్ సైజు కాగితం కొలతలో ఉంటుంది. 2.5 మి.మీ. అక్షరం 1:100 ప్లానులో 250 మి.మీ. స్థలాన్ని, 1:50లో 125 మి.మీ. స్థలాన్ని ఆక్రమిస్తుంది. స్కేలు మార్చగానే ట్యాగులు ఒకదానిమీద ఒకటి పడటానికి ఇదే కారణం.

## లేబుల్, టెక్స్ట్, ప్రశ్నార్థకం

తలుపులాగే ట్యాగ్ కూడా రెవిట్‌లో ఒక ఫ్యామిలీయే, అంటే ప్రాజెక్టులోకి విడిగా లోడ్ చేసుకునే వస్తువు. దాని లోపల టెక్స్ట్ మారదు, లేబుల్ పారామీటర్‌ను చదువుతుంది. మార్క్ బదులు టైప్ మార్క్ కావాలంటే ఎడిట్ ఫ్యామిలీలోకి వెళ్లి లేబుల్‌లో పారామీటర్ మార్చి, తిరిగి ప్రాజెక్టులోకి లోడ్ చేయాలి. ట్యాగ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తే సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని కాదు, ఆ పారామీటర్ ఖాళీగా ఉందని అర్థం. తాళం రకం లాంటి సొంత వివరం ట్యాగ్‌లో రావాలంటే అది షేర్డ్ పారామీటర్ అయ్యుండాలి. మామూలు ప్రాజెక్ట్ పారామీటర్ షెడ్యూల్‌లో వస్తుంది, ట్యాగ్‌లో రాదు.

## ఐఎస్ పద్ధతిలో తలుపు పేరు

డి1, డి2 ఆఫీసు వాడుక. వాటి అర్థం షెడ్యూల్ చూస్తేగానీ తెలియదు. భారతీయ ప్రమాణాలు ఐఎస్ 1003, ఐఎస్ 4021లోని పద్ధతిలో పేరే కొలత చెబుతుంది. 8 డీఎస్ 20 అంటే 8 మాడ్యూళ్ల వెడల్పు, 20 మాడ్యూళ్ల ఎత్తు, ఒంటి రెక్క తలుపు. మాడ్యూల్ 100 మి.మీ. కాబట్టి 800 × 2000. డీ తలుపుకు, డబ్ల్యూ కిటికీకి, వీ వెంటిలేటర్‌కు. ఎస్ ఒంటి రెక్క, టీ రెండు రెక్కలు. ఈ కొలత గోడలో వదిలే ఖాళీది. ద్వారబంధం పోగా రెక్క అంతకంటే చిన్నదవుతుంది. సైటులో ఈ పేర్లు అరుదుగా వినిపిస్తాయి, పోటీ పరీక్షలకు మాత్రం నేర్చుకోక తప్పదు. రెవిట్‌లో టైప్ మార్క్‌గా 8 డీఎస్ 20 అనే రాసుకుంటే మరీ మంచిదని నా అభిప్రాయం.

## నమూనా ప్రశ్నలు

10 డీటీ 21 అంటే ఏమిటి? 1000 × 2100 మి.మీ. ఖాళీలో రెండు రెక్కల తలుపు.

ప్లానులో ఐదు తలుపుల ట్యాగులు చెరిపితే షెడ్యూల్‌లో ఎన్ని తగ్గుతాయి? ఒక్కటీ తగ్గదు.

పై అపార్ట్‌మెంట్ షెడ్యూల్‌లో 100 వరుసలు వచ్చాయి, మూడే రావాలంటే? సార్టింగ్/గ్రూపింగ్‌లో టైప్ మార్క్ ఎంచుకుని, ఐటమైజ్ ఎవ్రీ ఇన్‌స్టెన్స్ టిక్ తీసేయాలి. ఫీల్డుల్లో కౌంట్ చేర్చడం మరవకూడదు, లేకపోతే వరుసలు మూడే వస్తాయిగానీ ఏది ఎన్నో కనిపించదు.