ఖరగపూర్‌లో కాహన్ గడ్డి: మేతకెంత? పడకకెంత?

శ్రీకాకుళం పల్లెలలో వరిగడ్డిని మోపులతోను, బండ్లతోను లెక్కిస్తారు. ఖరగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం గడ్డి కొనబోతే ముందుగా వేరొక లెక్క నేర్వవలసి ఉంటుంది. అక్కడ చిన్న కట్టను ఆటీ అంటారు. 80 ఆటీలు ఒక పణ్. 16 పణ్‌లు ఒక కాహన్. అనగా కాహన్‌కు 1,280 కట్టలు. ఇది పూర్వపు గవ్వల లెక్క. వంగ, ఉత్కళ ప్రాంతాలలో గవ్వలు నాణేలుగా చెల్లిన కాలం గతించినా, ఆ లెక్క గడ్డివాము దగ్గర నిలిచి ఉన్నది. సంస్కృతంలోని కార్షాపణమే జనుల నాలుకపై కాహన్ అయినది. తెలుగువారి పణమునకూ ఇది దగ్గరి చుట్టమే.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కర్మాగారాన్ని ఖరగపూర్‌లో నెలకొల్పడంతో ఆ పట్టణం పెరిగినది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి వేలాదిమంది అక్కడికి పనికి వెళ్ళి, తరతరాలుగా నిలిచిపోయారు. రైల్వే పట్టణంలో పొలం ఉండదు. పాడికోసం ఒకటి రెండు పశువులను పెంచుకొనే ఇంటివారు ప్రతి గడ్డిపరకనూ కొనవలసినదే. పల్లెలో గడ్డి పంటతో వచ్చే ఉపఫలం. పట్టణంలో అది నెలనెలా ఎదురయ్యే ఖర్చు.

ఆ ఖర్చును కొంచెం లెక్క వేసి చూడవచ్చు. ఎదిగిన ఆవు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి తింటుందనుకొంటే సంవత్సరానికి 2,190 కిలోలు కావలె. దాని క్రింద రోజుకు 2 కిలోలు పరిస్తే మరి 730 కిలోలు. అనగా మేతలో మూడవ వంతు. పల్లెలోని మట్టినేల మూత్రాన్ని పీల్చుకొంటుంది గనుక ఈ ఖర్చు అంతగా కనిపించదు. సిమెంటు నేల పీల్చదు, మెత్తగానూ ఉండదు. పడక లేకపోతే పశువు మోకాళ్ళు ఒరుసుకొని పుండ్లు పడతాయి. తడిలో పడుకొన్న పాడిపశువుకు పొదుగువాపు వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుంది. కనుక పడక మానివేయడం పొదుపు కాదు. దేనిని పరచవలెననునదే ప్రశ్న.

సాధారణంగా తోచే ఉపాయమొకటి ఉన్నది: మంచి గడ్డి మేతకు, బూజు పట్టినది పడకకు. వినడానికి బాగానే ఉన్నా ఇది ప్రమాదకరం. పశువు తన క్రింద పరచిన గడ్డిని కూడా కొరుకుతుంది. ఆకలిగా ఉన్న గేదె సంగతి చెప్పనక్కరలేదు. బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు దేగ్నాల అనే వ్యాధి సోకుతుంది. చెవుల కొనలు, తోక చివర, కాళ్ళ క్రింది భాగాలు చచ్చుబడి కుళ్ళుతాయి. ఫ్యూజేరియం జాతి బూజులు ఇందుకు ముఖ్యకారణమని పశువైద్యులు భావిస్తున్నారు. అట్టి గడ్డి మేతకు పనికిరాదు, పడకకూ పనికిరాదు. దాని చోటు ఎరువుకుప్పే.

అసలు బూజు పట్టకుండ చూచుకోవడం కొనుగోలు కాలంతో ముడిపడి ఉన్నది. బెంగాలులో అమన్ వరి నవంబరు, డిసెంబరు నెలలలో కోతకు వస్తుంది. పొడివాతావరణంలో గడ్డి చక్కగా ఆరుతుంది. బోరో వరి ఏప్రిల్, మే నెలలలో కోతకు రాగా, కాలవైశాఖి గాలివానలు ఆ గడ్డిని తరచు తడుపుతాయి. వానకాలానికి నిలువలు తరిగిపోతాయి. అప్పుడే దుర్గాపూజకు విగ్రహాలు చేసేవారికీ గడ్డి కావలసివస్తుంది; ఆ మట్టి విగ్రహాలకు లోపలి ఆకారం గడ్డితో కట్టినదే కదా! కోతయంత్రాలు వచ్చిన చోట గడ్డి నలిగి పొలంలోనే పడిపోవడంవల్ల పొడుగాటి కట్టగడ్డి మరింత అరుదవుతున్నది. చేతిలో కొంత డబ్బు ఉన్నవారు పుష్యమాసంలోనే ఏడాదికి సరిపడ కొని, నేలకు ఎత్తుగా వేసిన వెదురు మంచెపై వామువేసి కప్పుకోవడం మేలు. డబ్బు లేనివారే హెచ్చు ధరకు కొనవలసి రావడం ఇందులోని బాధ.

గడ్డికి బదులు పరచదగినవి లేకపోలేదు. ధాన్యపు ఊక తేమను అంతగా పీల్చదు. కోళ్ళఫారాలకు, మిల్లుల బాయిలర్లకు కూడా అదే కావలె. రంపపుపొట్టు బాగా పీలుస్తుంది గాని, తడిసిన సన్నని పొట్టులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. రోజూ మార్చే ఓపిక ఉన్నవారికే అది తగును. ఇసుకలో ఆ బెడద తక్కువ. అయితే కాలువ పూడిపోతుంది. చిన్న పాకకు అన్నిటికన్న చవుకైనది నేలకు కాలువవైపు వాలు ఉంచడం. మూత్రం నిలువనప్పుడు, తొట్టిలో పశువు విడిచిన శుభ్రమైన గడ్డితుక్కే ఎండకాలంలో పడకకు సరిపోతుంది. ఊకగాని పొట్టుగాని వానకాలపు నాలుగు నెలలకే కొనవచ్చు.

మేతవైపు ఆదా చేసినదీ పడకకు మిగిలినట్లే. గడ్డిని ముక్కలుగా నరికి వేస్తే వృథా తగ్గుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారాలు కప్పి ఉంచితే పోషకవిలువ పెరుగుతుంది, పశువు ఇష్టంగా తింటుంది. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి ఘాటు పోయిన తరువాతనే వేయవలె. ఆరు నెలలలోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీళ్ళ బాల్చీ పశువుకు అందేచోట అసలే ఉంచరాదు.